అవ్వ ఎక్కిన మెట్లు

తాండూరు,
16-2-1969.

చిరంజీవి తమ్ముడు నర్సప్పకు అక్క శాంతవ్వ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాస్తే అబద్ధం, కాదని రాస్తే నువ్వు పరుగెత్తుకొస్తావు. మధ్యరకంగా ఉన్నామనుకో. బడులు మూసి నెల కావస్తోంది. మీ బావ పొద్దున లేస్తే ఊరేగింపు, మాపటికి మీటింగు. ప్రత్యేక తెలంగాణ వచ్చేదాకా సుద్దముక్క ముట్టరట. ఇంట్లో పిల్లవాడి ఏడుపు, వీధిలో జిందాబాద్‌లు. ఏది ఎప్పుడు ఆగుతుందో తెలియదు.

అసలు సంగతి వేరే. నిన్న పేపర్లో కాల్పుల వార్త చదువుతూ మీ బావ కింద మూలకున్న నాలుగు లైన్లు కూడా చదివారు. ‘కొండమీది పొద్దు’కు ఉత్తమ చిత్రం బహుమతి వచ్చిందట! నా చేతిలో చాట జారి బియ్యమంతా నేలపాలైంది. "సినిమాకు ఇనాం వస్తే నీకేమొచ్చిందే?" అని మా అత్త గోవిందమ్మ కసిరింది. నాకేమొచ్చిందో ఆమెకెలా చెప్పను? ఆ సినిమాలో మన అవ్వ ఉంది. మనిద్దరినీ కన్న మొగులమ్మ ఉంది.

ముందటేడు మద్రాసు వాళ్లు అనంతగిరికి వచ్చి, గుడి మెట్ల దగ్గర సీతాఫలాలమ్ముకుంటున్న మనిషిని పట్టుకుని "నువ్వే కావాలి" అని నిలబెట్టారని నువ్వు రాసినప్పుడు, నేను కడుపుతో ఇక్కడ కూర్చున్నాను. నిరుడు మాఘంలో అవ్వ పోయినప్పుడు పురుటి మంచం మీద ఉన్నాను. కడచూపు దక్కలేదు. దినాల నాడు పెట్టడానికి ఒక్క ఫోటో అయినా లేక, గంప కింద తలమీద పెట్టుకునే ఆమె గుడ్డచుట్టను పీటమీద పెట్టావు. పోయిన శ్రావణంలో ఆ సినిమా మీ టాకీసుకు వచ్చి మూడు రోజులు ఆడితే, పిల్లవాడికి తట్టు పోసి అదీ కాలేదు. నాలుగో రోజు బయలుదేరుతుంటే సినిమా పెట్టె వెళ్లిపోయిందన్నావు.

తమ్ముడూ, అవ్వ ముఖం మరిచిపోతున్నాను. గొంతు గుర్తుంది, తిట్లయితే వరసగా అప్పజెప్పగలను. ముఖమే జారిపోతోంది. కళ్లు మూసుకుంటే గంప కనిపిస్తుంది, దాని కింద ఎవరూ ఉండరు.

బహుమతి వచ్చిన సినిమాను మళ్లీ ఊరూరా తిప్పుతారట గదా. మా తాండూరుకు వస్తుందా? టాకీసు మిషన్ నడిపేవాడివి, నీకే తెలియాలి. కనుక్కుని రాయి.

నీ అక్క,
శాంతవ్వ


వికారాబాద్,
27-2-1969.

అక్కకు నర్సప్ప నమస్కారాలు.

చాట జారిందంటే నవ్వొచ్చింది. చిన్నప్పుడు నా చేతిలో చాట పడితే వీపు విమానం మోత మోగించినదానివి నువ్వే.

సినిమాను తిప్పుతారన్న మాట నిజమే. కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకు. దినాలు బాగాలేవు. మా టాకీసు వారంలో నాలుగు రోజులు బందే. బహుమతులిచ్చే సభ కూడా వాయిదా పడిందని సికింద్రాబాదు నుంచి సినిమా పెట్టెలు తెచ్చే బాల్‌రాజ్ చెప్పాడు. "ఎవడిస్తడు, ఎవడు తీస్కుంటడు? గల్లీకో లాఠీ ఉన్నది" అన్నాడు. ఇలాంటప్పుడు చంటిపిల్లవాణ్ణి చంకనేసుకుని టాకీసుకు పోవడం ఎందుకు? అవ్వ కనిపించేది ఎనిమిది సెకండ్లు. నువ్వు చెంగు సర్దుకునేలోపు అయిపోతుంది.

చూడలేదన్న బాధ నీకు ఉండొద్దని, చూసినట్టే రాస్తాను విను. హీరోయిన్ మెట్ల కింద నిలబడి గుడికి దారి అడుగుతుంది. అవ్వ గడ్డం ఎత్తి పైకి చూపిస్తుంది, అంతే. ఆ పిల్ల ఎంత పెద్ద తారో అవ్వకేం పట్టింది! గంప ఎత్తి తలమీద పెట్టుకుంటుంది. వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్లిపోతుంది. కెమెరా వైపు చూడొద్దని వాళ్లు పదిసార్లు చెప్పినా, తిరగబోయే ముందు ఒక్కసారి చూసింది. ఆ రోజు కెమెరా వెనక నేనున్నాను. "బువ్వ తిన్నవా కొడుకా" అన్నట్టు పెదవులు కదులుతాయి. కట్టుకున్నది ఆ నీలం చీరే, సినిమాలో బూడిద రంగుగా పడింది. గంప పట్టుకున్న ఎడమ చెయ్యి పైకి లేచినప్పుడు, మోచేతి దగ్గర రవికకు నువ్వు వేసిన మాసిక కనిపిస్తుంది. ఏడు కుట్లు.

ఇంతే అక్కా. ఇంతకంటే ఏమీ లేదు. దీన్నే పదిసార్లు చదువుకో.

బావను జర జాగ్రత్తగా ఉండమను.

నీ తమ్ముడు,
నర్సప్ప


తాండూరు,
20-4-1969.

తమ్ముడికి దీవెనలు.

పదిసార్లు చదువుకోమన్నావు. కాగితం మడతల దగ్గర చిరిగింది. ఆ మాసిక నేను వేసిందే. ఆ రోజు సూది గుచ్చుకుంటే అవ్వ "కుట్టుపని రాదుగని మొగుడింటికి పోతదట" అని నా వేలు నోట్లో పెట్టుకుంది.

సినిమా వచ్చింది, పోయింది. మొన్న శుక్రవారం మా టాకీసు గోడకు బొమ్మలంటించారు. బహుమతి పొందిన చిత్రమని ఎర్ర అక్షరాలు కూడా వేశారు. మధ్యాహ్నానికల్లా కుర్రాళ్లు వచ్చి అన్నీ చింపేశారు. తీసినవాళ్లు కోస్తా వాళ్లట, బహుమతి కూడా వాళ్లకు వాళ్లే ఇచ్చుకున్నారట. ఆట పడితే తెర తగలబెడతామన్నారు. పెట్టె మూత కూడా తీయకుండా సేటు వెనక్కి పంపేశాడు.

ఆ కుర్రాళ్లకు చదువు చెప్పింది మీ బావే. ఆయన మీద అరిచాను తమ్ముడూ, పెళ్లయ్యాక మొదటిసారి. "వాళ్ల సినిమా గది, మనకేమున్నది అండ్ల?" అన్నారు. "అండ్ల మా అవ్వ ఉన్నది. ఆమె ఏ రాష్ట్రమో చెప్పు" అన్నాను. అటు తిరిగి కూర్చున్నారు. రాత్రికి అన్నం తినలేదు. పొద్దున లేచి, "పోరగాండ్లకు నేను చెప్త, మల్ల తెప్పిస్త" అన్నారు. కాల్పుల్లో పిల్లలు పోతున్నారు, బడులు లేవు, జీతాలు లేవు. ఇన్ని ఉండగా నేను ఎనిమిది సెకండ్ల కోసం ఏడుస్తున్నానని నాకూ సిగ్గుగానే ఉంది. అయినా ఏడుపు ఆగడం లేదు.

ఏదో ఒక రోజు ఆ బొమ్మ ఇక్కడ ఆడుతుంది. నేను ముందు వరసలో కూర్చుంటాను.

నీ అక్క


వికారాబాద్,
29-6-1969.

అక్కకు,

బావను జైల్లో పెట్టారని ఇక్కడి పంతుళ్లు చెప్పారు. రైళ్లు సరిగ్గా నడవడం లేదు, లేకపోతే ఆ రోజే వచ్చేవాణ్ణి. ఈ ఉత్తరం మర్పల్లి లారీ మల్లప్ప చేతికిస్తున్నాను. జొన్నలు ఒక సంచి కూడా పంపాను. ఫికర్ పెట్టుకోకు. పంతుళ్లను ఎక్కువ రోజులు ఉంచరు, వాళ్లు జైల్లో కూడా పాఠాలు చెప్పి జైలరును విసిగిస్తారు.

సినిమా గురించి ఒక మాట. మళ్లీ మళ్లీ అడుగుతున్నావు కాబట్టి చెబుతున్నాను. అది పాత ప్రింటు. ఉన్నవే రెండు మూడు. పది ఊళ్లు తిరిగి, పది మిషన్లలో నలిగి వస్తుంది. తెగిన చోటల్లా ఆపరేటర్లు ఇంత ముక్క కోసి అతికిస్తారు. ఏది ఉంటుందో, ఏది పోతుందో చెప్పలేం. అవ్వ ఉన్న ముక్క కూడా పోయి ఉండొచ్చు. మనసు గట్టి చేసుకో.

ఆ సినిమా రాకపోతేనే మంచిదని నాకు అనిపిస్తోంది. తప్పుగా అనుకోకు.

నర్సప్ప


తాండూరు,
4-10-1969.

తమ్ముడికి,

మీ బావ ఇంటికొచ్చి నెలైంది. బాగా చిక్కారు. అయినా మాట నిలబెట్టుకున్నారు. ఆ కుర్రాళ్లను కూర్చోబెట్టి, "అనంతగిరి మనదా, కాదా? మన గుట్టను మనం చూస్తే ఏం పోతది?" అని ఒప్పించారు. నిన్న శుక్రవారం నుంచి వారం రోజులు ‘కొండమీది పొద్దు’.

వీధంతా చెప్పాను. మా అత్త కాలునొప్పి మరిచి నడిచింది. పక్కింటి బీరమ్మ, ఆమె కోడళ్లు, మొత్తం పదకొండు మందిమి. తలస్నానం చేసి, పెళ్లినాటి చీర కట్టుకుని పోయాను. మూడో ఆటకు కాదు, మొదటి ఆటకే. పిల్లవాడి చెవిలో "అవ్వ వస్తది చూడు, అవ్వ వస్తది" అని చెబుతూనే ఉన్నాను.

మెట్లు వచ్చాయి. హీరోయిన్ దారి అడిగింది. తెరమీద ఏదో టక్కుమంది. ఆ పిల్ల ఒక్క గంతులో గుళ్లో ఉంది!

అంతే. అవ్వ లేదు.

ఆ పిల్ల ఎవరిని దారి అడిగిందో ఎవరికీ తెలియదు. గాలిని అడిగినట్టుంది. "ఏది శాంతవ్వా, ఎక్కడున్నదే మీ అవ్వ?" అని బీరమ్మ కోడలు అడిగింది. ఇంకొకతె నవ్వింది. మీ బావ పిల్లవాణ్ణి ఎత్తుకున్నారు. నేను రెండో ఆటకూ కూర్చున్నాను, ఏమో ఈసారి వస్తుందేమోనని. బుద్ధి ఉన్న మనిషి చేసే పనేనా?

ఆట విడిచాక కేబిన్ మెట్లెక్కి ఆపరేటర్ చంద్రప్పను అడిగాను. ఆయన రీలు తీసి వెలుతురుకు పట్టి చూపించాడు. "ఇది తెగింది కాదమ్మా. గీడ ఎవడో కావాలని కోసిండు. కత్తెర మంచిగ నడిచినది, పనోడే" అన్నాడు. వాడెవడో గానీ వాడి చేతులు పడిపోను! తల్లి లేనివాడై ఉంటాడు. ఉన్నవాడు చేసే పని కాదు.

ఇక్కడిదాకా నిన్ననే రాశాను. పోస్టు చేయలేదు. పొద్దున కూర్చుని నీ పాత ఉత్తరం తీసి, ఇక నాకు మిగిలింది ఇదే గదా అని చదువుకున్నాను. ఏడు కుట్లు అన్నచోట ఆగిపోయాను. మళ్లీ చంద్రప్ప దగ్గరికి పోయాను. తెరమీద నడిచే మనిషి రవిక మాసికకు కుట్లు లెక్కపెట్టగలమా అని అడిగాను. ఆయన నవ్వాడు. "ముక్క చేతిల పట్టుకొని, అద్దం పెట్టి చూస్తే తప్ప కాదు" అన్నాడు.

నర్సప్పా, నిన్ను ఒకటే అడుగుతున్నాను. ఏడు కుట్లు ఎలా లెక్కపెట్టావు?

శాంతవ్వ


వికారాబాద్,
6-10-1969.

అక్కా,

పడిపోవలసిన చేతులు ఇవే.

మూడు రోజులు, ఆరు ఆటలు. ఆరుసార్లు అవ్వ వచ్చింది, నా వైపు చూసింది, తిరిగి వెళ్లిపోయింది. మిషన్ నడుపుతూ కేబిన్ గోడ కంతలోంచి చూసేవాణ్ణి. ప్రతిసారీ ఆపాలనిపించేది. ఆపితే దీపం వేడికి రీలు కాలిపోతుంది, అందుకని ఆపలేదు. నాలుగో రోజు పొద్దున పెట్టె బండికి ఎక్కించాలి. రీళ్లు వెనక్కి చుడుతున్నాను. చేతిలోనే ఉంది అవ్వ, నా వేళ్ల మధ్య. బాల్‌రాజ్ కింద తొందరపెడుతున్నాడు. రీలు తెగితే ముక్క కోసి అతికించడం మాకు రోజూ ఉండే పనే. చెయ్యి దానంతట అదే కత్తెర పట్టింది. ఇంకా ప్రింట్లు ఉంటాయి, ఎక్కడో ఒక ఊళ్లో అక్క చూసుకుంటుందిలే అనుకున్నాను. అనుకోవడం కూడా తరువాతే అనుకున్నాను. అప్పుడు ఏమీ అనుకోలేదు.

పన్నెండు అడుగుల ముక్క. అవ్వ తమలపాకుల డబ్బాలో చుట్టి పెట్టాను. ఆ రోజు నువ్వు బయలుదేరుతున్నానని కబురు పంపితే, పెట్టె పోయిందని మాత్రమే చెప్పాను. డబ్బా నా పక్కనే ఉంది. తరువాత చెబుదామనుకున్నాను, తరువాత ఎంతకూ రాలేదు.

నాకు దక్కిందేమిటో కూడా విను. ఒక్కొక్క ముక్కలో అవ్వ నిలబడి ఉంటుంది. నూట తొంభై రెండు బొమ్మలు. కుట్లు లెక్కపెట్టాను, ముడతలు లెక్కపెట్టాను. కానీ నడవదు అక్కా. దాచుకున్న రోజు నుంచి ఒక్క అడుగు కూడా వేయలేదు. పెదవులు తెరిచి ఉంటాయి, బువ్వ తిన్నావా అన్న మాట పూర్తి కాదు.

నన్ను క్షమించమని అడగను. సగం కోసి నీకు పంపిస్తాను. ఆరడుగులు నీకు, ఆరు నాకు. ముఖం ఉన్న సగమే నీకిస్తాను.

నర్సప్ప


తాండూరు,
7-10-1969.

నర్సప్పకు,

గెట్టు వేసి పంచుకోవడానికి అవ్వ ఏమన్నా పొలమా? ఇంకోసారి కత్తెర ముట్టావంటే నీకు నాకు ఏమీ లేదు.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని ప్యాసింజరు బండి గార్డు చేతికిచ్చి పంపుతున్నాను. గురువారం ఆఖరి రోజు. శుక్రవారం పొద్దున పెట్టె నారాయణపేటకు పోతుంది. చంద్రప్పతో మాట్లాడాను. గురువారం మ్యాట్నీకి గంట ముందు డబ్బా తీసుకుని రా. ఎక్కడ కోశావో అక్కడే అతికించు.

పెట్టెతోపాటు అవ్వ వెళ్లిపోతుంది, మళ్లీ మనకు కనిపించకపోవచ్చు. తెలిసే అడుగుతున్నాను. నీ డబ్బాలో నిలబడి ఉండేకన్నా నడవనీ.

శాంతవ్వ


తాండూరు,
11-10-1969.

చిరంజీవి తమ్ముడు నర్సప్పకు అక్క శాంతవ్వ దీవెనలు.

గురువారం మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. నువ్వు కేబిన్‌లో తల ఎత్తలేదు, నేను తల దించలేదు. చంద్రప్ప దీపం పట్టుకుంటే బ్లేడుతో గీకి, అతుకు మందు రాసి, ఊపిరి బిగబట్టి నొక్కావు. నాన్న పోయాక నాలుగేళ్ల నీకు అన్నం తినిపించింది నేను, ఆ చేతులు నాకు తెలియనివి కావు. పడిపోవాలని రాసినందుకు పొద్దున దేవుడి ముందు లెంపలేసుకున్నాను. నువ్వు చేసింది తప్పు కాదని మాత్రం అనను.

బండి అందుకోవాలని ఆట కాగానే వెళ్లిపోయావు. కింద ఏం జరిగిందో నీకు పైకి వినపడిందో లేదో. ఆ పిల్ల దారి అడిగింది. అవ్వ గడ్డం ఎత్తింది. "అగో శాంతవ్వా, మీ అవ్వ!" అని బీరమ్మ లేచి నిలబడి అరిచింది. మొన్న నవ్విన కోడలు కళ్లొత్తుకుంది. వెనక నుంచి బొమ్మలు చింపిన కుర్రాళ్లు "మన గుట్ట! మనవ్వ!" అని ఈలలేశారు. మీ బావ నా చెయ్యి పట్టుకున్నారు. పదిమందిలో అలా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ముఖం చూశాను తమ్ముడూ. ఎలా మరిచిపోయానో తెలియదు. అది నా ముఖమే. రోజూ అద్దంలో పెట్టుకుని వెతుక్కున్నాను.

ఆ బహుమతి సభ చివరికి జరిగిందో లేదో, ఎవరు ఎవరికి ఇచ్చారో నాకు తెలియదు. ఎవరు న్యాయం, ఎవరు అన్యాయం అన్నది మీ బావ చూసుకుంటారు. ఆ బహుమతి రాకపోతే ఈ పెట్టె మళ్లీ మన వైపు వచ్చేది కాదు. నాకు అంతే చాలు. నిన్న పొద్దున స్టేషనుకు పోయి పెట్టెను బండిలోకి ఎక్కిస్తుంటే చూశాను. నారాయణపేటలో ఎవరో అవ్వను చూస్తారు. ఆమె పేరు వాళ్లకు తెలియకపోయినా పరవాలేదు, దారి చూపిస్తే చాలు.

ఈ రోజు పెత్తరమాస. పెద్దలకు బియ్యం ఇచ్చాను. సీతాఫలాలు కూడా పెట్టాను. పీటమీద ఏం పెట్టావు అంటావేమో, అదే చెప్పబోతున్నాను.

అతికించేటప్పుడు రెండు కొసల్లోనూ ఒక్కో బొమ్మ తీసేయక తప్పదని చంద్రప్ప అన్నాడు గదా. నువ్వు వెళ్లాక ఆ రెండు బొమ్మలనూ కేబిన్ నేలమీద వెతికి తెచ్చుకున్నాను. గోరంత ముక్కలు. మొదటి కొసది అవ్వ ముఖం, గడ్డం ఎత్తబోతున్నది. చివరి కొసది పైమెట్టు మీద అవ్వ వీపు, గంప, పాదం. నువ్వు కోయకుండానే పంపకం అయిపోయింది.

ముఖం ఉన్నది ఈ ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను. కాగితం మడత విప్పేటప్పుడు జాగ్రత్త. డబ్బాలో పెట్టకు, కిటికీ అద్దానికి అంటించు, పొద్దున వెలుతురు పడుతుంది.

వెళ్లిపోతున్న అవ్వను నేను ఉంచుకున్నాను, పీటమీద పెట్టింది ఆ ముక్కనే. అవ్వ వెళ్లిపోవడం నువ్వు చూశావు, నేను చూడలేదు.

వచ్చే ఆదివారం బండికి రా. బువ్వ తినిపోదువుగాని.

నీ అక్క,
శాంతవ్వ